కొలతకు నిలిచే ఫొటో

విమానం కదలికను, దాని పరికరాల స్పందనను, కాక్‌పిట్ అద్దం లోంచి కనిపించే లోకాన్ని కంప్యూటర్ లెక్కల సాయంతో నేలమీదనే కల్పించే వ్యవస్థను ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ గాలి తిత్తులతో కదిలే శిక్షణ యంత్రాన్ని రూపొందించినప్పుడు అందులో బయటి దృశ్యానికి చోటు లేదు. విమానం ఒరగడం, లేవడం, దిగడం శరీరానికి తెలియజేయడమే దాని పని. నేటి సిమ్యులేటర్‌లో మాత్రం పైలట్ కంటికి కనిపించే దృశ్యానికి యంత్రం కదలికతో సమానమైన విలువ ఉంది. ఆ దృశ్యంలోని విమానాశ్రయాన్ని నిర్మించడానికి రెండు రకాల సమాచారం కావాలి. మొదటిది ప్రచురితమైన సమాచారం: రన్‌వే పొడవు, దిశ, ఎత్తు, రేడియో పరికరాల స్థానాలు, వాటి పౌనఃపున్యాలు మొదలైనవన్నీ ప్రతి దేశమూ అధికారికంగా వెలువరించే వైమానిక సమాచార గ్రంథంలో ఉంటాయి, భారతదేశంలో ఈ బాధ్యత ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, మార్పులు 28 రోజుల చక్రాన్ని అనుసరించి అమలులోకి వస్తాయి. రెండవది రూపం: టెర్మినల్ గోడ రంగు, కంట్రోల్ టవర్ ఆకారం, రన్‌వే చివర ఉన్న చెట్ల వరుస, గాలి సంచి కట్టిన స్తంభం, దీపాల అమరిక. ఈ రెండవ రకం సమాచారం ఏ అధికారిక గ్రంథంలోనూ పూర్తిగా దొరకదు. దానిని ఫొటోలే ఇవ్వాలి. అయితే చూడ్డానికి అందంగా ఉండే ఫొటో వేరు, కొలతకు నిలిచే ఫొటో వేరు. పరిశోధనకు పనికివచ్చేది రెండవదే.

ఈ అవసరం పెద్ద విమానాశ్రయాలకన్నా చిన్నవాటికే ఎక్కువ అన్న సంగతి బిలాస్‌పూర్ ఉదాహరణతో బాగా తెలుస్తుంది. నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు బెంగాల్ నాగపూర్ రైల్వే తన మార్గాన్ని 1891లో పూర్తి చేయడంతో అర్పా నది ఒడ్డున రైల్వే పట్టణంగా ఎదిగిన ఈ ఊరు, 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉంది. అదే కంపెనీ మరో మార్గం ఉత్తరాంధ్ర తీరం వెంట వాల్తేరు వరకు సాగినందువల్ల, ఖరగ్‌పూర్‌లో లాగానే ఇక్కడి రైల్వే కాలనీల్లోనూ తెలుగు కుటుంబాలు తరాల తరబడి స్థిరపడ్డాయి. ఊరికి దక్షిణాన, రాయపూర్ వెళ్లే దారిలో ఉన్న చకర్‌భాఠాలో రెండవ ప్రపంచ యుద్ధ కాలం నాటి పాత ఎయిర్‌స్ట్రిప్ ఒకటి చాలాకాలం నియమిత విమానాలు లేకుండానే ఉండిపోయింది. పౌరుల సుదీర్ఘ ఆందోళన, హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యాల తరువాత, చిన్న పట్టణాలకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం కింద 2021 మార్చి 1న అక్కడి నుంచి అలయన్స్ ఎయిర్ సంస్థ ఢిల్లీ వైపు సర్వీసులు ప్రారంభించింది. ఈ పట్టణానికి పేరు తెచ్చిందని చెప్పుకునే మత్స్యకార వనిత పేరు మీద దీనిని బిలాసా దేవి కేవట్ విమానాశ్రయంగా పిలుస్తున్నారు.

ఈ సర్వీసులు ప్రారంభమైన నాటికి చకర్‌భాఠాకు ఉన్న లైసెన్సు 3సి తరగతికి చెందినది. ఇందులో 3 అనే అంకె, 1200 నుంచి 1800 మీటర్ల లోపు రన్‌వే పొడవు అవసరమయ్యే విమానాలకు సంబంధించిన అంతర్జాతీయ సంకేతం. సి అనే అక్షరం 24 నుంచి 36 మీటర్ల లోపు రెక్కల విస్తృతి గల విమానాలను సూచిస్తుంది. ఇక్కడికి వచ్చిన ఏటీఆర్ 72-600 విమానం రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 27.05 మీటర్లు ఉంటాయి కనుక అది ఈ తరగతిలో ఇమిడిపోతుంది. పరికరాల సాయంతో దిగే ఏర్పాటు లేకుండా మొదలైన ఈ విమానాశ్రయంలో పైలట్ కంటిచూపు నిబంధనల ప్రకారమే దిగవలసి వచ్చింది; దీనిని వైమానిక భాషలో వీఎఫ్ఆర్ అంటారు. సాధారణంగా 5 కిలోమీటర్ల దాకా దృశ్యం స్పష్టంగా ఉంటేనే ఆ విధంగా దిగడానికి వీలవుతుంది. కనుక ఇటువంటి చోట కాక్‌పిట్ అద్దం లోంచి కనిపించేదే పైలట్‌కు మార్గదర్శకం. రాయపూర్ వైపు సాగిపోయే రైలు పట్టాలు, అర్పా వంపు, బిలాస్‌పూర్ యార్డు విస్తీర్ణం, చకర్‌భాఠా స్టేషన్, వాటి మధ్య రన్‌వే ఎక్కడ ఉందన్న అంచనా, ఇవన్నీ పైలట్ మనసులో ముందే ముద్రపడి ఉండాలి. రైల్వేలో లోకో పైలట్‌ను కొత్త సెక్షన్ మీదికి పంపే ముందు ‘రోడ్ లెర్నింగ్’ పేరుతో కొన్ని ట్రిప్పులు తిప్పి, ఏ వంపు తరువాత ఏ సిగ్నల్ ఏ వైపున కనిపిస్తుందో కళ్లకు అలవాటు చేయించే పద్ధతి ఇక్కడి ప్రతి రైల్వే ఇంటికీ తెలిసినదే. విమానం నడిపేవారికి ఆ పనిని సిమ్యులేటర్ చేయగలదు, కాని అందులోని చకర్‌భాఠా అసలు చకర్‌భాఠాలా ఉన్నప్పుడే.

ప్రపంచమంతటినీ ఉపగ్రహ చిత్రాలతో చూపించే సిమ్యులేటర్లలో సైతం చిన్న విమానాశ్రయాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఎక్కడైనా సరిపోయే ఒక సాధారణ టెర్మినల్ భవనం, పచ్చికలాంటి నేల, కొలతలు సుమారుగా అమర్చిన రన్‌వే మాత్రమే వాటిలో కనిపిస్తాయి. ఇది కేవలం అందానికి సంబంధించిన లోపం కాదు. దిగేటప్పుడు పైలట్ తన ఎత్తును అంచనా వేసే ఆధారాలలో రన్‌వే ఆకారం ముఖ్యమైనది. 45 మీటర్ల వెడల్పు రన్‌వేలకు అలవాటుపడిన కన్ను అంతకన్నా ఇరుకైన రన్‌వేను చూసినప్పుడు, విమానం ఉన్నదానికన్నా ఎత్తులో ఉన్నట్టు భ్రమపడి, తెలియకుండానే మరింత కిందికి దింపే ప్రమాదం ఉందని వైమానిక శిక్షణ గ్రంథాలన్నీ హెచ్చరిస్తాయి. పైకి వాలుగా లేచే రన్‌వే కూడా అలాంటి భ్రమనే కలిగిస్తుంది. అటువంటప్పుడు సిమ్యులేటర్‌లోని రన్‌వే వెడల్పు తప్పుగా ఉంటే, శిక్షణ పొందేవారికి అది సరిగ్గా ఆ తప్పునే నేర్పుతుంది. దీనిని సరిదిద్దడానికి ఒక మంచి ఫొటో చాలు. రన్‌వే మొదట్లో పొడుగు చారలుగా వేసే తెల్ల గీతల సంఖ్యకు, దాని వెడల్పుకు అంతర్జాతీయ నియమం ప్రకారం సంబంధం ఉంది: 18 మీటర్లకు 4, 23కు 6, 30కి 8, 45కు 12, 60కి 16 గీతలు. విమానం కిటికీలోంచి తీసిన ఫొటోలో ఈ గీతలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంటే, ఎవరినీ అడగకుండానే వెడల్పు తేలిపోతుంది.

మార్గదర్శక పరికరాల విషయానికి వస్తే, పరిశ్రమలో నావ్‌ఎయిడ్స్ అని పిలిచే వీటిలో కంటికి కనిపించేవి, చెవికి లేదా యంత్రానికి మాత్రమే అందేవి అని రెండు తెగలున్నాయి. మొదటి తెగలో అతి సరళమైనది గాలి సంచి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది కనీసం 3.6 మీటర్ల పొడవుతో, పెద్ద మూతి దగ్గర కనీసం 0.9 మీటర్ల వ్యాసంతో ఉండాలి. దాని కొలత తెలిసినది కనుక ఫొటోలో అది పక్కనున్న వస్తువులకు కొలబద్దగా కూడా పనికివస్తుంది. గాలి వేగాన్ని బట్టి సంచి ఎంత లేచిందో చూపే ఫొటోలు, అదే సమయానికి నమోదైన వాతావరణ నివేదికతో కలిపి ఉంచినట్లయితే, సిమ్యులేటర్‌లో గుడ్డ కదలికను సరిచూసుకోవడానికి ఉపయోగపడతాయి.

పాపీ అనే దీపాల వరుసను ఫొటో తీయడం చాలా నైపుణ్యం కోరే పని. రన్‌వేకు సాధారణంగా ఎడమ పక్కన అడ్డంగా అమర్చిన నాలుగు దీపాల పెట్టెలు ఇవి. ఒక్కొక్క పెట్టె పైభాగం లోంచి తెల్లని కాంతి, కింది భాగం లోంచి ఎర్రని కాంతి వెలువడుతుంది. 3 డిగ్రీల వాలుకు అమర్చిన చోట నాలుగు పెట్టెల కోణాలు వరుసగా 2 డిగ్రీల 30 నిమిషాలు, 2 డిగ్రీల 50 నిమిషాలు, 3 డిగ్రీల 10 నిమిషాలు, 3 డిగ్రీల 30 నిమిషాలుగా ఉంటాయి. సరైన వాలులో వచ్చే పైలట్‌కు రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తాయి. నాలుగూ ఎర్రబడితే విమానం ప్రమాదకరంగా కిందికి దిగిందని, నాలుగూ తెల్లబడితే మరీ ఎత్తులో ఉందని అర్థం. తెలుపు నుంచి ఎరుపుకు మారే ఆ అంచు 3 కోణ నిమిషాలకు మించకూడదు, అంటే డిగ్రీలో ఇరవయ్యో వంతు. ఇంత సన్నని మార్పును కెమెరా సులభంగా పాడుచేస్తుంది. పగటి దృశ్యానికి తగినట్టు వెలుతురు అమర్చితే దీపం నడిభాగం సెన్సర్ సామర్థ్యాన్ని మించిపోయి, ఎర్రదీపం కూడా పసుపు కలిసిన తెల్లటి చుక్కగా నమోదవుతుంది. దానిని నమ్మి సిమ్యులేటర్ దీపానికి రంగు వేసినవారు పైలట్‌ను తప్పుదారి పట్టించినట్టే. కాబట్టి దీపాల కోసం తీసే ఫొటోలో మిగతా దృశ్యమంతా చీకటిగా పోయినా సరే, దీపం రంగు దక్కేంత తక్కువ వెలుతురుతో ఒకటి, పరిసరాల కోసం మామూలుగా మరొకటి తీయడం అవసరం. కెమెరాలోనే రంగులను సరిచేసి కుదించిన ఫైలు కాకుండా, సెన్సర్ మీద పడిన కాంతిని యథాతథంగా దాచే రా ఫైలును భద్రపరచాలి.

రెండవ తెగలో ప్రధానమైనది వీఓఆర్, దాని అభివృద్ధి రూపమైన డీవీఓఆర్. 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేసే ఈ కేంద్రం నుంచి విమానం ఏ దిశలో ఉందో తెలుస్తుంది. ఎత్తైన లోహపు వేదిక మధ్యలో ఒక యాంటెన్నా, దాని చుట్టూ వలయంగా సాధారణంగా 48 చిన్న యాంటెన్నాలు ఉండే డీవీఓఆర్‌ను ఒక్కసారి చూసినవారు మళ్లీ గుర్తుపట్టకుండా ఉండరు. వలయంలోని యాంటెన్నాలకు ఒకదాని తరువాత ఒకటిగా సంకేతం మారుస్తూ, సెకనుకు 30 సార్లు చుట్టూ తిరుగుతున్నట్టు భ్రమ కలిగిస్తారు; మధ్య యాంటెన్నా నుంచి వచ్చే 30 హెర్ట్జ్ సంకేతానికి, ఈ తిరిగే సంకేతానికి మధ్య దశలో ఉన్న తేడాయే విమానంలోని రిసీవర్‌కు దిశను చెబుతుంది. దీనితోపాటు ఉండే డీఎంఈ దూరాన్ని చెబుతుంది: విమానం పంపిన జంట పల్స్‌లు అందగానే నేలమీది యంత్రం 50 మైక్రోసెకన్లు ఆగి జవాబిస్తుంది, ఆ జాప్యాన్ని తీసివేయగా మిగిలిన ప్రతి 12.36 మైక్రోసెకన్లకు ఒక నాటికల్ మైలు చొప్పున లెక్క తేలుతుంది. రాత్రిపూట, మంచులో విమానాలు దిగే వీలు బిలాస్‌పూర్‌కు కల్పించాలన్న వాదన హైకోర్టు దాకా వెళ్లినప్పుడు చర్చకు వచ్చినవి ఇలాంటి పరికరాలే కనుక, అక్కడి మామూలు పత్రికా పాఠకులకు కూడా డీవీఓఆర్ అనే మాట కొత్తది కాదు.

ఈ పరికరాల ఫొటో ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అన్నది స్పష్టంగా గ్రహించడం మంచిది. సంకేతం ఫొటోలో పడదు; దాని నాణ్యతను పరీక్షించడానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఫ్లైట్ ఇన్‌స్పెక్షన్ విభాగమే ఉంది, బీచ్‌క్రాఫ్ట్ బి-350 వంటి విమానాలలో కొలత పరికరాలు అమర్చి, కేంద్రం చుట్టూ నిర్ణీత మార్గాలలో ఎగిరి సరిచూస్తారు. ఫొటో చెప్పగలిగింది పరిసరాల గురించి. వీఓఆర్ దగ్గర కొత్తగా లేచిన రేకుల షెడ్డు, తీగల కంచె, పెరిగిన చెట్లు సంకేతాన్ని పరావర్తనం చేసి దిశలో తప్పు తెప్పించగలవు. ఆ మార్పులను తేదీతో సహా చూపే ఫొటోలు, సంకేత ప్రసారాన్ని కంప్యూటర్‌లో అనుకరించే పరిశోధకులకు ఏ పటంలోనూ దొరకని సమాచారాన్ని ఇస్తాయి. హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన శిక్షణ కేంద్రం వంటివి ఈ రంగంలోనే పనిచేస్తున్నాయి. భూమిమీది పరికరాల అవసరాన్ని తగ్గించే ఉపగ్రహ ఆధారిత గగన్ వ్యవస్థ కూడా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో సంస్థ ఏటీఆర్ విమానాన్ని దాని సాయంతో దింపింది. బిలాస్‌పూర్ లాంటి చోట్లకు వచ్చేది కూడా ఆ రకం విమానమే కావడం గమనించదగినది.

ఇక విమానం సంగతి. ఏటీఆర్ 72-600ను సిమ్యులేటర్ నమూనాగా తయారుచేయాలంటే దాని ఆకృతి కొలతలతోపాటు, ఆ ఆకృతికి తొడిగే బయటి రంగులూ గీతలూ కావాలి. వీటిని టెక్స్చర్ అంటారు. ఇందులో మొదటి శత్రువు దృష్టికోణం. పక్క నుంచి 30 మీటర్ల దూరంలో నిలబడి విమానాన్ని తీస్తే, దగ్గరగా ఉన్న రెక్క కొన దాదాపు 13.5 మీటర్లు ముందుకు వచ్చి ఉంటుంది కాబట్టి, విమానం మధ్యభాగంతో పోల్చినప్పుడు 1.8 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. అదే 300 మీటర్ల దూరం నుంచి పెద్ద జూమ్ కటకంతో తీసినప్పుడు ఆ తేడా 5 శాతానికి లోబడుతుంది. దగ్గరికి వెళితే వివరం ఎక్కువ దొరుకుతుందన్న సహజ అభిప్రాయానికి ఇది విరుద్ధం. దూరం నుంచి తీసినా వివరం ఏమంత తగ్గదు: 27.17 మీటర్ల పొడవైన విమానం ఫొటోలో 5400 పిక్సెళ్ల మేర పరుచుకుంటే, ఒక్కో పిక్సెల్‌కు సుమారు 5 మిల్లీమీటర్లు వస్తుంది. తలుపు అంచు గీతలు, హెచ్చరిక రాతలు గుర్తుపట్టడానికి అది సరిపోతుంది.

రెండవ శత్రువు ఎండ. వేసవిలో ఛత్తీస్‌గఢ్ మైదానంలో వేడెక్కిన కాంక్రీటు మీది గాలి అలలుగా కదులుతుంటే, 300 మీటర్ల అవతలి విమానం అంచులు నీటిలో ఉన్నట్టు వణికిపోతాయి. ఎంత ఖరీదైన కటకమైనా దానిని సరిచేయలేదు. పొద్దున్నే తీయడం, లేదా వానాకాలంలో మబ్బు పట్టిన రోజును ఎంచుకోవడం మేలు. మబ్బు రోజు కాంతి చప్పగా ఉంటుందని మామూలు ఫొటోగ్రాఫర్లు ఇష్టపడరు. సిమ్యులేటర్‌కు మాత్రం అదే శ్రేష్ఠం, ఎందుకంటే నీడలు వేసే పనిని కంప్యూటర్ తన సూర్యుడితో తానే చేస్తుంది. ఫొటోలో రెక్క నీడ ముందే పడి ఉంటే, కంప్యూటర్ ప్రపంచంలో సూర్యుడు ఎటు తిరిగినా ఆ నీడ విమానం ఒంటికి అంటిపెట్టుకునే ఉంటుంది.

ఏటీఆర్‌కు ఉన్న ప్రత్యేకత దాని ప్రొపెల్లర్లు. ఆరేసి రెక్కలున్న ఈ ప్రొపెల్లర్ పూర్తి వేగంలో నిమిషానికి 1200 సార్లు, అంటే సెకనుకు 20 సార్లు తిరుగుతుంది. సెకనులో 125వ వంతు కాలం షట్టర్ తెరిచి ఉంచితే అది 57.6 డిగ్రీలు తిరుగుతుంది. ఆరు రెక్కల మధ్య ఎడం 60 డిగ్రీలు కనుక దాదాపు వలయమంతా నిండిన పలుచని పొరలా కనిపిస్తుంది, సిమ్యులేటర్‌లో తిరిగే ప్రొపెల్లర్‌కు కావలసింది అదే. 2000వ వంతులో తీస్తే 3.6 డిగ్రీలే కదిలి, ఆగిపోయినట్టు అనిపిస్తుంది. ఫోన్ కెమెరాలు చిత్రాన్ని ఒక్కసారిగా కాక వరుసవరుసగా చదువుతాయి కనుక వాటిలో రెక్కలు కత్తుల్లా వంగి, కొన్నిసార్లు విడివిడిగా తేలుతున్నట్టు పడతాయి. అటువంటి చిత్రం నుంచి రెక్క ఆకారాన్ని గీయరాదు. నిలిపి ఉంచిన విమానంలో కూడా చూడవలసిన విశేషం ఒకటుంది. నేలమీద కరెంటు, చల్లగాలి ఇచ్చే ప్రత్యేక చిన్న ఇంజన్ ఏటీఆర్‌లో ఉండదు. కుడి ఇంజన్ ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి, ఇంజన్ లోపలి భాగాన్ని మాత్రం నడుపుతూ ఆ పని జరిపిస్తారు, దీనిని హోటల్ మోడ్ అంటారు. ప్రొపెల్లర్ కదలకుండా ఇంజన్ నుంచి వేడి పొగ వెలువడే ఈ స్థితిని ఫొటోలోనూ, ధ్వనిలోనూ నమోదు చేసుకున్నవారి నమూనాకు ప్రాణం వస్తుంది.

అయితే ఎవరు, ఎక్కడ నిలబడి తీయవచ్చు? ఈ ప్రశ్నకు జవాబు ముందుగా చట్టంలో చూసుకోవాలి. 1937 నాటి విమాన నిబంధనలలో 13వది, ప్రభుత్వ విమానాశ్రయాలలో గాని, ఎగురుతున్న విమానం నుంచి గాని, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ లిఖితపూర్వక అనుమతి లేకుండా ఫొటోలు తీయడాన్ని నిషేధిస్తుంది. ప్రయాణికులు విమానం లోపల నుంచి ఫొటోలు తీసుకోవడానికి 2004లో ఇచ్చిన సడలింపును డైరెక్టరేట్ 2020 సెప్టెంబరులో మళ్లీ స్పష్టం చేసింది. భద్రతకు భంగం కలిగించే పరికరాలు వాడకూడదు, సిబ్బంది వద్దన్నచోట ఆపివేయాలి. ఆ నిబంధనలకు మూలమైన 1934 విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోకి వచ్చింది. సైన్యానికి చెందిన రన్‌వేలలో ఆంక్షలు మరింత గట్టివి; విశాఖపట్నం పౌర విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగాలో భాగం కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త తప్పనిసరి. చకర్‌భాఠాలో కూడా పక్కనే సైన్యానికి కేటాయించిన భూమి ఉంది. రేడియో పరికరాల ప్రాంగణంలోకి, రన్‌వే కంచె లోపలికి అనుమతి లేకుండా వెళ్లడం, చుట్టుపక్కల డ్రోన్ ఎగరేయడం నేరాలు. ఇవి అనవసరమైన ఆటంకాలని కొందరు అభిమానులు విసుక్కుంటారు గాని, విమానాల రాకపోకల మధ్య మనిషి, డ్రోన్ అడ్డుపడితే కలిగే నష్టం ఎంతటిదో తెలిసినవారు వాటిని తేలికగా తీసుకోరు. పరిశోధన సంస్థ లెటర్‌హెడ్ మీద ప్రయోజనం, తేదీ, పరికరాలు, నిలబడే స్థలం వివరించి దరఖాస్తు చేయడమే సరైన మార్గం.

అనుమతికి లోబడి కిటికీ పక్క సీటులోంచి తీసే ఫొటో కూడా ఏటీఆర్‌లో చాలా విలువైనది. దాని రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కనుక జెట్ విమానాలలో లాగా రెక్క నేలను కప్పివేయదు. దిగే సమయంలో రైలు మార్గం నుంచి రన్‌వే దాకా ఉన్న దృశ్యం నిరాటంకంగా దొరుకుతుంది.

విమానాలను స్వేచ్ఛగా, దగ్గరగా ఫొటో తీసే అవకాశం తెలుగువారికి హైదరాబాద్ బేగంపేటలో ఉంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమై ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి తరలిపోయాక, బేగంపేట రన్‌వే పక్కన వింగ్స్ ఇండియా పేరుతో వైమానిక ప్రదర్శన నిర్వహిస్తున్నారు. 2024 జనవరిలో జరిగిన ప్రదర్శనలో ఎయిర్ ఇండియా తొలి ఎయిర్‌బస్ ఏ350తోపాటు, ఇంకా సేవలోకి రాని బోయింగ్ 777-9 కూడా నిలిచింది. చోటు చాలని విమానాశ్రయాలలో పైకి మడుచుకునే రెక్క కొనలు గల ఆ విమానాన్ని నలువైపులా నడుస్తూ నమోదు చేసుకోవడం నమూనాలు తయారుచేసేవారికి అరుదైన అవకాశం. ఇటువంటి చోట పక్కపక్క ఫొటోలలో సగానికి పైగా దృశ్యం ఉమ్మడిగా ఉండేలా చుట్టూ తీసినవారు, వాటి నుంచి ఫొటోగ్రామెట్రీ అనే పద్ధతిలో, అంటే వేర్వేరు కోణాలలో పడిన ఒకే బిందువును లెక్కగట్టి, మూడు కొలతల ఆకృతిని రాబట్టవచ్చు.

ఫొటోల విలువ కాలంతో పెరుగుతుందనడానికి శంషాబాదే సాక్ష్యం. ప్రపంచంలో ఒక్కటే ఎగిరిన ఆంటొనోవ్ ఏఎన్-225 మ్రియా విమానం 2016 మే 13న అక్కడ దిగినప్పుడు చాలామంది కెమెరాలకు పని కల్పించింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లోని హోస్తోమెల్‌లో అది యుద్ధంలో ధ్వంసమైంది. ఏడాది తరువాత మైక్రోసాఫ్ట్ తన సిమ్యులేటర్‌లో ఆ విమానం నమూనాను విడుదల చేసి, వచ్చిన ఆదాయాన్ని దాని పునర్నిర్మాణానికి ఇస్తామని ప్రకటించింది. లేని విమానాన్ని మళ్లీ కొలవలేరు. అది ఉన్న రోజుల్లో లోకమంతటా తీసిన ఫొటోలే ఇక ఆధారం.

ఈ ఫొటోలు ఆటల కోసమేనన్న అభిప్రాయం సరికాదు. ఎయిర్‌బస్ సంస్థ కెమెరా చూపుతోనే విమానం తనంతట తాను నడిచేలా చేసిన అటోల్ పరిశోధనను 2020 జూన్‌లో ముగించింది. 500కు పైగా జరిపిన పరీక్షా ప్రయాణాలలో సుమారు 450 కేవలం వీడియోలు సేకరించి కంప్యూటర్‌కు రన్‌వేను గుర్తించడం నేర్పడానికే వినియోగించారు. 2023లో ఫ్రాన్స్ పరిశోధకులు లార్డ్ పేరుతో, దిగే విమానం ముందుభాగం నుంచి కనిపించే రన్‌వేల చిత్రాల సంచయాన్ని విడుదల చేశారు. అందులో అధికభాగం భూగోళ చిత్రాల నుంచి కృత్రిమంగా తయారుచేసినవి కనుక, వాటితో నేర్చిన యంత్రం నిజమైన ఫొటోల మీద ఎలా పనిచేస్తుందో పరీక్షించడం ముఖ్యమైన ప్రశ్న. గుర్తులు కొంత చెరిగి, టైర్ల రబ్బరు నలుపు అంటి, పక్క నేల రంగులో కలిసిపోయే చిన్న రన్‌వేల నిజమైన ఫొటోలు ఇలాంటి పరీక్షకు తప్పక కావాలి. బేగంపేటలోనే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేపట్టిన పౌర విమానయాన పరిశోధన సంస్థలో అనుకరణ ప్రయోగశాలలకు ప్రధాన స్థానం ఉండడం వల్ల, ఈ పని దేశంలోనే జరగడానికి వీలు ఏర్పడుతోంది.

ఎవరైనా చేయి వేయగలిగే సిమ్యులేటర్ ఫ్లైట్‌గేర్. 1990ల చివరి నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మిస్తున్న దీని మూలం అందరికీ అందుబాటులో ఉంటుంది; విశ్వవిద్యాలయాలు దీనిని పరిశోధనలో విరివిగా వాడుతున్నాయి. దీనిలో చేరే ప్రతి చిత్రమూ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సుకు అనుకూలంగా, అంటే ఎవరైనా వాడుకుని, మార్చి, అదే స్వేచ్ఛతో పంచిపెట్టగలిగేలా ఉండాలి. అంతర్జాలంలో దొరికిన విమానం ఫొటోను దించుకుని వాడడం ఈ నియమానికి విరుద్ధం, తీసినవారి హక్కుకు భంగం. అందుకే స్వయంగా తీసిన ఫొటోకు అంత గిరాకీ. అలా ఇచ్చే ప్రతి ఫొటోతోపాటు తేదీ, గంట, నిలబడిన స్థానం, కెమెరా చూసిన దిశ, కటకం ఫోకల్ పొడవు రాసి ఉంచాలి. వీటిలో చాలావరకు కెమెరా తానే ఫైలులో దాచుతుంది, వాట్సాప్‌లో పంపినప్పుడు మాత్రం ఆ వివరాలు పోయి చిత్రం కూడా కుదించబడుతుంది గనుక అసలు ఫైలునే ఇవ్వడం అవసరం.

చకర్‌భాఠా విషయంలో నమోదు చేయవలసిన మరొక అంశం రుతువులు. ధాన్యపు గిన్నెగా పేరుపొందిన ఈ మైదానం శ్రావణంలో వరిమళ్ల నీటితో, పచ్చదనంతో నిండి, వైశాఖంలో ఎండిన మట్టి రంగుకు మారిపోతుంది. మళ్ల నీటి మెరుపులో రైలు మార్గం సన్నబడి కనిపిస్తే, వేసవిలో అదే మార్గం నల్లని గీతగా తేలిపోతుంది. ఉపగ్రహ చిత్రం ఏదో ఒక్క రోజుది కనుక, సిమ్యులేటర్‌లో సంవత్సరమంతా ఆ ఒక్క రంగే ఉండిపోతుంది. చలికాలపు పొగమంచు మరీ ముఖ్యం. వాతావరణ పరిశీలకులు దూరం తెలిసిన టవరు, చెట్టు, కట్టడం వంటి గుర్తులలో ఏది ఎంతవరకు కనిపిస్తున్నదో చూసి దృశ్యదూరాన్ని నిర్ణయిస్తారు. పెద్ద విమానాశ్రయాలలో బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన దృష్టి అనే యంత్రం ఆ పనిని కాంతి కొలతతో చేస్తుంది. చిన్నచోట, అనుమతి పొందిన ఒకే స్థలం నుంచి, ఒకే కటకంతో, ఒకే వెలుతురు అమరికతో డిసెంబరు, జనవరి ఉదయాలలో అరగంటకొకసారి తీసిన ఫొటోల వరుస, దూరం తెలిసిన గుర్తుల పట్టికతో కలిపి ఉంచినట్లయితే, మంచు ఏ వేగంతో విడిపోతుందో, 5 కిలోమీటర్ల పరిమితిని దృశ్యం ఎప్పుడు దాటుతుందో చూపే సమాచారమవుతుంది. విమానం ఆలస్యమైన రోజుల ఫొటోలను, సమయానికి దిగిన రోజుల ఫొటోలను సమానంగా భద్రపరిస్తేనే ఆ సమాచారం సిమ్యులేటర్‌లోని పొగమంచుకు ప్రమాణంగా నిలుస్తుంది.